బకింగ్‌హామ్ కాలువ గట్టు వెంట: చెన్నైలో ఎక్కడ నడవాలి, ఎక్కడ సైకిలెక్కాలి, ఏమి చూడాలి

కృష్ణపట్నం పక్క పల్లెకు చెందిన మీ తాతగారు పడవలో వంటచెరకు మద్రాసుకు చేరవేసేవారని, ఇప్పుడు షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్న మీరు సెలవు రోజుల్లో ఆ కాలువ గట్టు వెంట నడిచి, సైకిలు తొక్కి ఆ చరిత్రను చూడాలనుకుంటున్నారని రాశారు. చెన్నై నుంచి పులికాట్ వరకు గట్టు మీద ఏకబిగిన వెళ్ళడానికి వీలుందా, అసలు చూడడానికి ఏమైనా మిగిలిందా అన్నవి మీ ముఖ్యమైన రెండు ప్రశ్నలు. మొదటిదానికి వీలు లేదనే చెప్పాలి. రెండోదానికి మిగిలిందనే చెప్పాలి గాని, దాన్ని కొంచెం వివరించవలసి ఉంటుంది.

నేను పెదగంజాం దాపున పుట్టినవాణ్ణి. కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ ముగిసి, బకింగ్‌హామ్ కాలువ మొదలయ్యే చోటు అది. చిన్నతనంలో గట్టు మీద వంగి నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషులను చూశాను. తరువాత సివిల్ ఇంజనీరుగా చెన్నైకి వచ్చి ముప్పై అయిదేళ్ళయింది. గత పదహారేళ్ళుగా ఈ కాలువను ముక్కలు ముక్కలుగా, కొన్ని ముక్కలను నాలుగైదు సార్లు కూడా, నడిచి చూశాను. ఆ అనుభవంతో మొట్టమొదట చెప్పదలిచింది ఏమిటంటే, మీరు నీటిని చూడడానికి వెళ్ళకండి, గట్టును చూడడానికి వెళ్ళండి. నీటిని చూస్తే నగరంలో మురుగు, నగరం దాటితే గుర్రపుడెక్క తప్ప మరేమీ కనిపించక గంటలో ఇంటి ముఖం పడతారు. గట్టు అలా కాదు. తవ్విన మట్టి ఎక్కడ పోశారు, లాగేవాడు ఏ వైపున నడిచాడు, నది అడ్డం వచ్చినచోట ఏం చేశారు, తరువాతి కాలం దాన్ని ఎలా కోసింది అన్నవన్నీ గట్టు మీదనే కనిపిస్తాయి.

ఈ కాలువ పనిచేసిన తీరు ముందుగా తెలిస్తే మిగిలినది సులువవుతుంది. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున, సముద్రానికి సమాంతరంగా, తీరానికి దగ్గరగా ఇది సాగుతుంది. అందులో దాదాపు 257 కిలోమీటర్లు ఆంధ్రలోను, 163 కిలోమీటర్లు తమిళనాడులోను ఉన్నాయి. మన డెల్టా కాలువల్లాగా ఇది పొలాలకు నీరు పారించేది కాదు, ఇందులో ఉన్నది ఆటుపోట్లతో కదిలే ఉప్పునీరు. ఉన్న ఉప్పుటేళ్ళను, వెనుకనీటి మడుగులను కలుపుతూ, వాటి మధ్యనున్న ఇసుక నేలను తవ్వి దీన్ని తయారు చేశారు. కనుక ఒకచోట కాలువ గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, మరొకచోట విశాలమైన మడుగులో కలిసి మాయమై, ఆవలి ఒడ్డున మళ్ళీ గీతగా మొదలవుతుంది. ఉపగ్రహ పటంలో తిన్నగా కనిపించేది మనిషి తవ్వినదని, వంకర తిరిగేది ప్రకృతి ఇచ్చినదని గుర్తు పెట్టుకుంటే చాలావరకు పొరపాటు పడరు. నది అడ్డం వచ్చినచోట కాలువలోని నీటి మట్టం పడిపోకుండా ఇరువైపులా లాకులు, అంటే పడవ దాటేందుకు తెరిచి మూసే తలుపులున్న కట్టడాలు, కట్టారు. లాకు తలుపులు ఎప్పుడో పోయాయి గాని, రాతి గోడలు, తలుపు ఇరుసు కూర్చున్న గాడులు కొన్నిచోట్ల పొదల మధ్య ఇంకా ఉన్నాయి. గాలి అనుకూలిస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ, రెండూ కుదరకపోతే గట్టు మీది మనిషి భుజం మీద తాడు. మీ తాతగారి ప్రయాణానికి ఇన్ని రోజులని ఒకే లెక్క చెప్పలేకపోవడానికి కారణం ఇదే, గాలిని బట్టి, పోటును బట్టి అది మారుతూ ఉండేది.

ఇక ముక్కల విషయానికి వస్తాను. మీరు మొదట చూడవలసినది మీ ఇంటి దగ్గరిది కాదు, నగరం నడిబొడ్డున ఉన్నది. అది నడిచి చూడవలసిన ముక్క, సైకిలు అక్కడ పనికిరాదు. మైలాపూరు లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు నుంచి మొదలుపెట్టండి. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరున్న పార్కు అది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక కుదిరిన శ్రీబాగ్ ఆయన ఇల్లే. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు కూడా మైలాపూరులోనే, రాయపేట హైరోడ్డు మీద ఉంది. ఈ రెంటికీ కాలువతో నేరుగా సంబంధం లేకపోయినా, కాలువ దగ్గరికి వెళ్ళే దారిలో మన వాళ్ళ అడుగులు ఉన్నాయి కనుక చెప్పాను. అక్కడి నుంచి తిరుమయిలై రైల్వే స్టేషనుకు నడవండి. స్టేషను పక్కన కాంక్రీటు స్తంభాల మధ్య నల్లగా నిలిచి ఉన్న నీరే బకింగ్‌హామ్ కాలువ.

కూవం, అడయారు నదుల మధ్యనున్న ఈ 8 కిలోమీటర్ల ముక్క కోసమే ఈ కాలువకు ఆ పేరు వచ్చింది. అంతకు ముందు ఉత్తరపు కాలువ, దక్షిణపు కాలువ అని రెండు వేరువేరు నీటిదారులు ఉండేవి. నగరం మధ్యలో వాటిని కలిపే దారి లేదు. 1876 నుంచి 78 వరకు దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక. తమిళులు కూడా దానిని ఆ సంవత్సరం పేరుతోనే చెప్పుకుంటారు. ఆ కరువులో పల్లెలు విడిచి మద్రాసుకు చేరినవారికి కూలి చూపించడానికి, 1877-78లో ఈ కలిపే కాలువను తవ్వించారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు 1878లో మొత్తం కాలువకు పెట్టారు. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కలకత్తా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కష్టమైన పని చేసే ఒంటికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. తిరుమయిలై నుంచి చేపాక్ వరకు నడిచే నాలుగు కిలోమీటర్లలోపు దారిలో, ఈ గట్టు మట్టిని గంపలతో ఎత్తి పోసిన చేతుల గురించి మీకు ఏ శిలాఫలకమూ చెప్పదు. పేరు మాత్రం డ్యూకుగారిది నిలిచింది.

ఆ దారిలో గట్టు మీద నేరుగా నడవడం అన్నిచోట్లా కుదరదు, పక్క వీధుల్లోకి వెళ్ళి వంతెన వచ్చినప్పుడల్లా మళ్ళీ కాలువ దగ్గరికి రావాలి. ప్రతి వంతెన మీద అటూ ఇటూ అయిదు నిమిషాలు నిలబడి వెడల్పును గమనించండి. పడవలు ఎదురెదురుగా తప్పుకోవడానికి తవ్విన కాలువ ఇది. ఆకాశమార్గపు రైలు స్తంభాలను, స్టేషన్లను కాలువలోనే, దాని అంచునే కట్టడంతో అది ఎంత ఇరుకైపోయిందో కళ్ళతోనే తెలుస్తుంది. ఆ రైలు 1995లో బీచ్ నుంచి చేపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2007లో వేళచ్చేరి వరకు వచ్చింది. నగరంలో ఖాళీగా, తిన్నగా, ప్రభుత్వ భూమిగా మిగిలిన ఏకైక పట్టీ కాలువే కనుక రైలుదారికి దాన్ని ఎంచుకున్నారు. ఇంజనీరుగా ఆ నిర్ణయం నాకు అర్థమవుతుంది, నడిచేవాడిగా మింగుడు పడదు. ఒక రవాణా మార్గం మరొక రవాణా మార్గం మీద ఎక్కి కూర్చోవడం మాత్రం చూడవలసిన చరిత్రే. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే అదే కాలువను పైనుంచి చూస్తూ తిరిగి రావచ్చు, నడక ముగిశాక ఆ పని తప్పక చేయండి.

తరువాతిది ఉత్తరపు ముక్క. పుట్టుక దృష్ట్యా ఇదే పాతది. బాసిల్ కాక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు పదకొండు మైళ్ళ కాలువను 1806లో పూర్తి చేయించాడు. సుంకం వసూలు చేసుకునే హక్కు అతనికి ఉండేది. 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకునేదాకా అది కాక్రేన్ కాలువే. ఈ కాక్రేన్ తరువాత లండన్‌లో ఆవిరి స్నానాల గది నడిపాడు. పాట్నా నుంచి వెళ్ళి ఇంగ్లండులో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ కొంతకాలం అక్కడ పనిచేశాడు. మద్రాసు మురుగు కాలువను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ ఆవిరి స్నానం గుర్తొస్తుంది. సరే, విషయానికి వద్దాం. సెంట్రల్ స్టేషను పక్కనుంచి, వాల్‌టాక్స్ రోడ్డుకు పడమరగా, బేసిన్ బ్రిడ్జి వైపు కాలువ సాగుతుంది. బేసిన్ అన్న పేరు కాలువ సంబంధమైనదే, పడవలు ఆగే మడుగు అక్కడ ఉండేది. వాల్‌టాక్స్ అన్నది పద్దెనిమిదో శతాబ్దంలో నగరం చుట్టూ కట్టిన గోడకు వేయదలచి, వసూలు చేయలేకపోయిన పన్ను పేరు.

అక్కడికి దగ్గరలోనే ఉన్న సరుకు రైళ్ళ యార్డును సాల్ట్ కొటార్స్ అంటారు. చాలామంది దాన్ని ఇంగ్లీషు క్వార్టర్స్ అనుకుంటారు గాని, మన నెల్లూరు, ప్రకాశం తీరాల వాళ్ళకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఉప్పు కొఠారు అని మన ఊళ్ళలో ఈనాటికీ అంటాం. ఉత్తరాన ఉప్పు మడుల నుంచి వచ్చే ఉప్పును నిలవచేసిన చోటు అది. ఎక్కడికి వెళ్ళినా ఊరి పేరును, వీధి పేరును ఇలా చెవితో విని చూసుకోండి. తమిళంలో ఉప్పు మడిని ఉప్పళం అంటారు, ఆ మాట ఉన్న పేరు వినిపిస్తే కాలువ దరిదాపుల్లో ఉన్నారన్నమాట.

బేసిన్ బ్రిడ్జి నుంచి ఎన్నూరు వరకు కాలువ గట్టు వెంట వెళ్ళమని మాత్రం నేను సలహా ఇవ్వను. పరిశ్రమలు, లారీలు, చెత్త దిబ్బలు, గట్టు మీదనే వేసుకున్న ఇళ్ళు ఉంటాయి. ఒక ఉదయం కోరుక్కుపేట దాటిన తరువాత గట్టు వెంట పోతూ పోతూ ఒక కంపెనీ ప్రహరీ గోడ దగ్గర ఆగిపోయాను. గోడ సరాసరి నీటిలోకి దిగింది. కాపలాదారుడు మర్యాదగానే వెనక్కి పంపాడు గాని, ఎండలో నాలుగు కిలోమీటర్లు తిరిగి నడవవలసి వచ్చింది. లోకల్ రైల్లో ఎన్నూరు వెళ్ళి, కొసస్తలయారు సముద్రంలో కలిసే మొగ దగ్గర కాలువ నదిని ఎలా దాటుతుందో చూసి రావడం చాలు. అక్కడ ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి కనుక కెమెరా సంచిలోనే ఉంచండి.

పులికాట్‌కు ఒక పూర్తి రోజు కేటాయించండి. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి వైపు లోకల్ రైల్లో పొన్నేరిలో దిగి, అక్కడి నుంచి బస్సులో వెళ్ళవచ్చు. పొన్నేరి నుంచి సైకిలు మీద కూడా హాయిగా వెళ్ళవచ్చు, దారి చదునుగా ఉంటుంది. తమిళంలో పళవేర్కాడు అనే ఈ చోటును, దాని సరస్సును మన వాళ్ళు ప్రళయకావేరి అన్నారు. చెన్నపట్నం పుట్టక ముందే ఇది రేవు పట్టణం. విజయనగర రాజు వెంకటపతి రాయల అనుమతితో వచ్చిన డచ్చి వారు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టి, కోరమండల్ తీరమంతటికీ దీన్ని కేంద్రం చేసుకున్నారు. కోట ఇప్పుడు మట్టి దిబ్బ, ముళ్ళ పొదలు, చుట్టూ కందకపు ఆనవాలు. డచ్చి వారి శ్మశానం మాత్రం బాగా నిలిచి ఉంది, ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు రెండు మిమ్మల్ని ఎదుర్కొంటాయి. సమాధుల మీద ఓడలు, కుటుంబ చిహ్నాలు చెక్కి ఉంటాయి. ఈ రేవు నుంచి గళ్ళ వస్త్రాలు ఎగుమతి అయ్యాయి, మన అంగళ్ళలో పలయకాట్ లుంగీ అని అడిగేటప్పుడు వినిపించేది ఈ ఊరి పేరే. పదిహేడో శతాబ్దంలో ఇదే రేవు నుంచి బానిసలుగా మనుషులను బటేవియాకు, అంటే నేటి జకార్తాకు, ఓడల్లో పంపారు. సమాధి రాళ్ళ మీద ఆ సంగతి ఉండదు.

పులికాట్ దగ్గర కాలువ సరస్సులో కలుస్తుంది, పడవలు సరస్సు మీదుగా శ్రీహరికోట వైపు సాగేవి. రాకెట్ కేంద్రం రాక ముందు శ్రీహరికోట అడవుల కట్టెలే మద్రాసు పొయ్యిల్లో మండేవి, అవి ఈ కాలువ మీదుగానే వచ్చేవి. మీ తాతగారి పడవలోని సరుకు కూడా ఆ ప్రాంతపుదే అయి ఉండవచ్చు. సరస్సుకు ఉత్తరాన, ఆంధ్రలో, దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషువారు 1626లో అక్కడ ఆర్మగాన్ అనే పేరుతో వర్తక స్థావరం పెట్టారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే మెరుగైన చోటు కోసం దక్షిణానికి వచ్చి, దామెర్ల వెంకటాద్రి నాయకుని నుంచి 1639లో మద్రాసుపట్నం నేల పొందాడు. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప నాయకుని పేరే చెన్నపట్నానికి వచ్చింది. అప్పటికి ఈ కాలువ లేదు. కాని కాలువ తరువాతి కాలంలో ఈ స్థావరాలన్నింటినీ ఒకే నీటిదారికి కట్టింది. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం వైపు ఊళ్ళలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, సంకోచించకుండా తెలుగులోనే పలకరించండి.

మీ ఇంటికి దగ్గరి ముక్కను చివరికి ఉంచడానికి కారణం, సైకిలుకు అదే అనువైనది కనుక. పాత మహాబలిపురం రోడ్డుకు, ఈస్ట్ కోస్ట్ రోడ్డుకు మధ్య కాలువ నడుస్తుంది. షోలింగనల్లూరు కూడలి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డుకు వెళ్ళే అడ్డరోడ్డు వంతెన మీద నిలబడి ఉత్తరానికి, దక్షిణానికి చూడండి, మీ ఆఫీసు నుంచి పది నిమిషాల దూరంలో మీ తాతగారి కాలువే ఉందని తెలుస్తుంది. పళ్ళికరణై చిత్తడి నేల నీరు ఒక్కియం మడుగు గుండా ఈ కాలువలోకే దిగుతుంది. 2015 డిసెంబరు వరదల తరువాత అందరికీ ఆ పేర్లు తెలిశాయి గాని, కాలువ పూడిక తీయడం మీద ఎంత ఆధారపడి ఉన్నామో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

అక్కడి నుంచి దక్షిణంగా ముట్టుకాడు వరకు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదనే వెళ్ళండి. తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరితే ఏడు లోపల చేరతారు. ఆదివారాల్లో ఆ దారిలో సైకిళ్ళు చాలా వెళతాయి, కార్లు కూడా హద్దు లేని వేగంతో వెళతాయి, కనుక అంచు విడవకండి, వెనుక ఎర్రదీపం తప్పనిసరి. ముట్టుకాడు దగ్గర కాలువ వెనుకనీటి మడుగులో కలిసి, దక్షిణాన మళ్ళీ మొదలవుతుంది, నేను పైన చెప్పిన గీత, మడుగు, గీత అన్న తీరు ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. దక్షిణచిత్ర ప్రదర్శనశాల పక్కనే ఉంది, తీరికుంటే చూడవచ్చు. కోవళం దాటగానే కేళంబాక్కం వైపు తిరిగే రోడ్డు ఎక్కితే ఇరుపక్కలా ఉప్పు మడులు, వాటి మధ్యన తిన్నగా ఎత్తుగా సాగే కాలువ గట్టు కనిపిస్తాయి. చెన్నై చుట్టుపక్కల గట్టు తన పాత రూపంతో మిగిలిన కొద్ది చోట్లలో ఇది ఒకటి. సైకిలును చేతితో నడిపించుకుంటూ కొంత దూరం దాని మీద వెళ్ళవచ్చు. ఉప్పు తీసే కూలీలు పనిలో ఉంటే మడి గట్ల మీద అడుగు పెట్టకండి. సన్నని మట్టి గట్టు మన బూటు కింద నలిగితే వాళ్ళకు ఒక పూట పని పెరుగుతుంది.

ఇక్కడే నేను ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. నవంబరులో, రెండు రోజుల వాన వెలిసిన మరునాడు, ఉత్సాహం ఆపుకోలేక సైకిలుతో ఆ గట్టు ఎక్కాను. ఉప్పు నేల బంకమట్టి చక్రానికి, మడ్గార్డుకు మధ్యన గట్టిపడి చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకడం, పది గజాలు నెట్టడం, మళ్ళీ గీకడం, చివరికి రెండు కిలోమీటర్లు భుజాన మోయడం. ఇంటికి వచ్చి అలసి పడుకున్నాను. వారం తిరిగేసరికి గొలుసు ఎర్రగా తుప్పు పట్టి పనికిరాకుండా పోయింది. ఉప్పు గాలిలో తిరిగిన సైకిలును అదే రోజున మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గొలుసుకు నూనె వేయాలని అప్పుడు తెలిసింది. ఈశాన్య రుతుపవనం పోయిన తరువాత, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటితే ఉదయం ఎనిమిదికే ఇంటికి చేరేలా చూసుకోవాలి. మే నెల కత్తిరి ఎండల్లో వద్దే వద్దు.

మహాబలిపురం వరకు వెళ్ళగలిగితే, ఊరికి పడమటి వైపున కాలువను దాటి లోనికి వస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు నుంచి ఆ శిల్పాలు చూడవచ్చేవారు రాత్రి పడవ ఎక్కి, పడవలోనే నిద్రపోయి, తెల్లవారి ఇక్కడ దిగేవారు. ఈనాడు రోడ్డు వైపు నుంచి చేరే మనం శిల్పాలనే చూస్తాం గాని, ఊరికి పాత ముఖద్వారం కాలువ వైపున ఉండేదన్న సంగతి గమనించం. ఇంకా దక్షిణాన సద్రాస్ దగ్గర డచ్చి వారి మరో కోట, సమాధులు ఉన్నాయి. పక్కనే కల్పాక్కం అణు కేంద్రం కనుక సూచికలను గౌరవించండి.

కాలువ ఎందుకు చచ్చిపోయిందని కూడా అడిగారు. ఒక్క కారణం చెబితే తప్పవుతుంది. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య రైలు నడవడంతో దూరప్రయాణికులు తగ్గారు. బరువు ఎక్కువై, ధర తక్కువైన కట్టెలు, ఉప్పు, సున్నపు గవ్వలు మాత్రం పడవల్లోనే వచ్చేవి. 1960-61లో కూడా 1,200కు పైగా పడవలు, 2 లక్షల టన్నులకు మించిన సరుకు దీని మీద తిరిగాయి. 1965, 1966 తుఫానులు గట్లను, లాకులను దెబ్బతీశాయి, ఆ తరువాత బాగుచేయడానికి పెట్టే ఖర్చు కన్నా లారీ చవకగా కనిపించింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలను గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు గాని, చెన్నై నగర భాగంలో సరుకు పడవ నేటికీ తిరగడం లేదు. అయితే 2004 సునామీ రోజున పెదగంజాం నుంచి చెన్నై వరకు పెక్కుచోట్ల అలలు ముందుగా ఈ కాలువలో పడి, అది నిండి, నీరు తిరిగి సముద్రానికి మళ్ళింది, వెనుకనున్న పల్లెల్లో చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు. పడవలు లేని కాలువ కూడా ఒక పని చేసింది.

గట్టు మీద ఇళ్ళు వేసుకున్నవారి సంగతి చెప్పకుండా ముగించలేను. నగరంలోని కాలువ, నదుల గట్ల నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలను కణ్ణగి నగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం వంటి చోట్లకు పంపారు. అవన్నీ మీ ఆఫీసుకు దగ్గరివే. కాలువ చరిత్రలో వాళ్ళు కూడా ఉన్నారు. ఇంకా గట్టున మిగిలినవారి గుమ్మాల ముందునుంచి వెళ్ళేటప్పుడు ఫోను బయటికి తీయకండి, ముందు నమస్కారం పెట్టి, దారి అడగండి. వృద్ధులను పడవల గురించి అడిగితే, ఏ వయసులో చూశారు, ఏ సరుకు వచ్చేది, తాడు లాగేవాళ్ళు ఏ ఒడ్డున నడిచేవాళ్ళు అన్నట్టుగా చిన్న ప్రశ్నలు వేయండి. పాత రోజుల గురించి చెప్పమంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కాగితాలు చూడదలిస్తే ఎగ్మూరులో కన్నెమెరా గ్రంథాలయం, తమిళనాడు ఆర్కైవ్స్ ఉన్నాయి, పాత సర్వే పటంలో ఒక ముక్కను ముందుగా చూసి వెళితే నేల మీద సగం పని తగ్గుతుంది.

ఈ సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు మీ నాన్నగారిని స్కూటరు మీద కృష్ణపట్నం కాలువ గట్టుకు తీసుకువెళ్ళి, పడవ ఎక్కడ కట్టేవారో వేలితో చూపించమనండి. చెన్నైలో ఏ గట్టునా మీకు దొరకని చోటు అది. అక్కడ లాకు గోడ ఏదైనా నిలిచి ఉంటే, తలుపు గాడి వెడల్పును టేపుతో కొలిచి ఇక్కడ రాయండి. పెదగంజాం వైపు నేను కొలిచినవాటితో సరిపోల్చి చూస్తాను.